చెప్పులో పరిచిన పొర

షుగరు వల్ల నా భార్య పాదాలు మొద్దుబారాయి. కుడికాలి బొటనవేలి కింద పుండు పడినా ఆమెకు నొప్పి తెలియలేదు. కొత్తగూడెం దవాఖానాలో డాక్టరమ్మ దాచకుండా చెప్పింది: "దాని మీద బరువు పడొద్దు సార్. పడితే వేలు తీసెయ్యాల్సొస్తది."

నేను ఖమ్మంలో పాలిటెక్నిక్ లెక్చరర్ని. టేకులపల్లి ఇంటికి సెలవులకే వస్తాను. ఆ మాట విన్న రోజు నుంచి కాలేజీ ల్యాబులోనే ఉండిపోయాను. మెత్తటి సిలికాన్‌లో కార్బన్ పొడి కలిపి, గుడ్డ మీద పలచగా పూసి ఆరబెట్టాను. అలాంటి పొరను నొక్కితే దానిలోంచి కరెంటు సులువుగా పారుతుంది. మొదటి రెండూ పొడి సరిగా కలవక పాడయ్యాయి. మూడోదాన్ని చిన్న సర్క్యూట్‌తో ఫోన్‌కు కలిపి, నా బూటులో వేసుకుని ల్యాబంతా తిరిగాను. అడుగు వేసినప్పుడల్లా ఫోన్ మోగింది.

దాన్ని ఆమె చెప్పులో అతికించాను. పాదం మీద బరువెక్కితే ఆమె ఫోన్‌తో పాటు ఖమ్మంలో నా ఫోన్ కూడా మోగుతుంది. రోజులు గడిచినా మోగలేదు. ఫోన్ తెర మీద బరువు చూపే గీత నేలకు ఆనినట్టు పడుకునే ఉంది. మురిసిపోయాను.

"బాగానే కూర్చుంటున్నావే" అన్నాను ఫోన్‌లో.

"అవ్, మహారాణి లెక్క. అన్నం పొయ్యి మీదుంది, ఫోన్ పెట్టేస్తున్న."

ఆ మాట విని కూడా నాకేమీ తట్టలేదు.

మళ్లీ దవాఖానాకు వెళ్లేసరికి పుండు లోతైంది. నేను ఫోన్ తీసి గీత చూపించబోయాను. డాక్టరమ్మ దానివైపు చూడలేదు.

"ఇంట్ల చెప్పులేసుకుంటవామ్మా?"

"ఇంట్ల చెప్పులేందమ్మా! పొయ్యికాడ, దేవుని పటాలకాడ చెప్పులేసుకొని తిరుగుతరా?"

ఫోన్ జేబులో పెట్టేశాను. పుట్టినప్పటి నుంచి నేనూ గడప బయటే చెప్పులు విడుస్తున్నాను. ఆ పొర పగలంతా ఖాళీ చెప్పులో పడి ఉంది. ఆమె పగలంతా వంటింటి బండల మీద నిలబడి ఉంది.

"ఒక్క వారం చూస్తా. తగ్గకపోతే ఆపరేషనే" అంది డాక్టరమ్మ.

సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. కొత్త పొరను మేజోడు అడుగున కుట్టి, పుండు కట్టు మీద వదులుగా తొడిగాను. నేను కుర్చీలో కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది. ఉలిక్కిపడి లేచాను. ఆమె వంటింట్లో ఉంది.

"ఎందుకు లేచావు?"

"ఎందుకేంది? నీకే. చాయ్ టైమైంది."

ఆ పూట ఫోన్ చాలాసార్లు మోగింది. నా మంచినీళ్లకు, నా అన్నానికి, నేను పిలిచిన పిలుపుకు. ఆమెను మంచం మీద కూర్చోబెట్టి నేనే పొయ్యి వెలిగించాను. చాయ్‌పత్తి డబ్బా కనిపించలేదు.

"ఏడుంది?" అని అడిగాను.

"ఇరవై ఏండ్ల నుంచి ఆడ్నే ఉంది. పై అరల" అంది. లేవబోయింది. ఫోన్ మోగింది.

"కూర్చో" అన్నాను. "నేను వెతుక్కుంటా."