కాఫీ ఒలకని వేగం

నవంబరు ఏడు. పొద్దున ఆరున్నరకు బెల్ మోగితే, అంకుల్ వచ్చారనుకుని కారు తాళాలు పట్టుకునే తలుపు తీశాను. గుమ్మంలో ఆంటీ ఉన్నారు. కాళ్ళకు చెప్పులు కూడా లేవు.

"మీ అంకుల్ లేవట్లేదే," అన్నారు.

రాత్రి నిద్రలోనే వెళ్ళిపోయారు. 911కి ఫోన్ చేస్తున్నంతసేపూ ఆ తాళాలు నా పిడికిట్లోనే ఉన్నాయి.

ఆయన మా అపార్ట్‌మెంట్లలో ఎదురింటి అంకుల్. డెట్రాయిట్ దగ్గర ఉద్యోగకాలమంతా కార్ల పొగ పరీక్షించి, రిటైరయ్యాక మా ఐసెలిన్ ఊరి పక్కకు వచ్చి స్థిరపడ్డారు. చూపు మసకబారి డ్రైవింగ్ మానేసినా, ఎవరి కారు దగ్గినా కిటికీలోంచి తల బయటపెట్టేవారు.

ఆ పొద్దున ఆయన నా పక్కన కూర్చోవలసింది. మా పాత కారు రిపేరు చేసిన మెకానిక్ దాని కంప్యూటర్‌లో ఉన్నదంతా చెరిపేశాడు. డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం ఆరిపోయిందని అమ్మ సంబరపడింది. కానీ ప్రభుత్వం చేసే పొగ ఇన్‌స్పెక్షన్‌లో వెనక్కి పంపేశారు. కారు తన పొగను తానే పరీక్షించుకునే మానిటర్లు ఇంకా రెడీ కాలేదట. పాసైతే అద్దానికి అంటించే స్టిక్కర్ గడువు ఈ నెలాఖరుకే తీరిపోతుంది. అమ్మ వీసా మీద ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. తెల్లవారుజాము డ్యూటీకి బస్సు లేదు. గడువు దాటిన స్టిక్కర్‌తో పోలీసు ఆపితే వీసాకి ఏమవుతుందోనని ఆమె భయం.

"రిపేరు అయిపోయిందిగా అన్నయ్యగారూ, దీనికింకా ఏం కావాలి?" అని అమ్మ అంకుల్‌ని అడిగింది.

"బాగుచేయడం మెకానిక్ పనమ్మా. బాగయ్యానని కారుకి నమ్మకం కుదరాలిగా! రాత్రంతా పడుకోనివ్వండి. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, హైవే మీద ఒకే స్పీడ్‌లో పోవాలి."

హైవే అనగానే అమ్మ నా వైపు చూసింది, నేను నేల వైపు చూశాను. అమ్మ ఎన్నడూ హైవే ఎక్కలేదు. నాకు లైసెన్స్ వచ్చింది మొన్న వేసవిలో. పక్కకు పెద్ద ట్రక్కు వస్తే నా కుడికాలు వణికి యాక్సిలరేటర్ మీంచి దానంతటదే లేచిపోతుంది.

మొదటిసారి అంకుల్ స్టీలు గ్లాసు నిండా కాఫీతో కారెక్కారు. దానికి మూత లేదు.

"అంకుల్, ఒలికితే?"

"ఒలికితే మీ ఆంటీ తిట్టేది నన్ను, నిన్ను కాదు. పోనీ."

గ్లాసే ఆయన మీటరు. నా కాలు వణికితే కాఫీ అంచుదాకా వచ్చేది. "తొణికింది, ఒలకలేదులే," అనేవారు. తెలుగు మాటలు ఏరుకుని దాచుకుంటున్న రోజులు నావి. ఆ రెండు మాటల మధ్య ఎంత దూరముందో ఆ కారులోనే తెలిసింది. ఆ మొదటి రోజు మాత్రం ఒలికింది కూడా. ఆయన తెల్ల ప్యాంటు చూసి ఆంటీ, "ఇది కారుకి టెస్టా, నా లాండ్రీకా?" అన్నారు.

"నాకు భయమేస్తోంది అంకుల్," అని ఒకసారి పైకే అనేశాను.

"వేయనీ అమ్మలూ. గుండెలో ఉంటే ఉండనీ. కాల్లోకి మాత్రం దిగనివ్వకు."

ఎన్నిసార్లు వెళ్ళొచ్చినా రెండు మానిటర్లు మిగిలాయి. ఒకటి మిగిలితే ఇన్‌స్పెక్షన్‌లో ఒప్పుకుంటారు గానీ, రెండు మిగిలితే ఒప్పుకోరు. ఒకదానికి నా కాలు నిలకడగా ఉండాలి. రెండోది టాంకులోని పెట్రోలు ఆవిరి లీకవుతోందేమో చూసేది. దానికి అడ్డం అమ్మే. మంచి పనికి ఏదీ వెలితిగా బయల్దేరకూడదని ఆమె పట్టుదల. ప్రతిసారీ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేది, టాంకు నిండా గ్యాస్, అదే పెట్రోలు, కొట్టించేది.

"మళ్ళీ నింపేశారా అమ్మా! నిండుగా ఉంటే ఆ టెస్టు మొదలే కాదు."

"పిల్లని హైవే మీదకి వెలితి టాంకుతో పంపమంటారా అన్నయ్యగారూ?"

"సగం చాలమ్మా. సగం శుభం కాదా ఏంటి?" అని నవ్వారు. ఆయన మా ఇంట్లో నవ్విన ఆఖరి నవ్వు అదే.

తర్వాతి రోజుల్లో మా కారు ఆంటీ కోసమే తిరిగింది. ఫ్యూనరల్ హోమ్‌కి, కిరాణా కొట్టుకి, గుడికి, అన్నీ లోకల్ రోడ్ల మీదే. నడిపింది అమ్మ. నిన్న చూస్తే టాంకు ముల్లు సగానికి దిగి ఉంది. ఇంటికొస్తూ గ్యాస్ స్టేషన్ ముందు అమ్మ కారు నెమ్మది చేసింది. ఒక్క క్షణం ఆగి, నింపించకుండానే ముందుకు పోనిచ్చింది.

ఆయన్ని ఎరగని మీకు ఇదంతా చిన్న విషయంగా కనబడవచ్చు. నెలాఖరు దగ్గరకొచ్చేసింది. పక్కన "ఒలకలేదులే" అనే మనిషి లేకుండా నేను ఆ ట్రక్కుల మధ్యకి వెళ్ళాలి. ఇది రాస్తుంటేనే కుడికాలు కదులుతోంది.

ఇందాక ఆంటీ వచ్చి ఆయన గ్లాసు నా చేతిలో పెట్టారు. "ఒలికినా తిట్టేవాళ్ళు లేరు, తీసుకెళ్ళవే," అన్నారు.

కారు మధ్యాహ్నం నుంచీ కదలకుండా ఉంది. రేపు పొద్దున ఆరున్నరకు చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తాను. అంతకంటే ముందు ఆ గ్లాసు నిండా కాఫీ పోసి, ఆయన సీటు పక్కన పెట్టుకుంటాను. మూత పెట్టను.