దిగేవాళ్ళు ఇంకా ఉండారు

గోవిందప్ప కండక్టరుగా ఉన్నన్నాళ్ళూ మా బస్సు ఒక్కనాడు కూడా వేళకు కుప్పం చేరలేదు. ఈ మాట నేను కోపంగానే మొదలుపెడుతున్నాను. ఆ మనిషి గురించి ఎవరు అడిగినా ముందు తిట్టుకోవడం, తర్వాత కళ్ళు తుడుచుకోవడం నాకు అలవాటైపోయింది. నా పేరు నాగరాజు, ఆ బస్సు డ్రైవర్ని. మదనపల్లెలో పొద్దున్నే బయల్దేరి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం పోయి, సాయంత్రానికి తిరిగి రావడం మా పని. తొంభైల్లో ఆ దారిన తిరిగేవాళ్ళలో మా ప్రైవేటు బస్సు ఎక్కనివాళ్ళు తక్కువ.

గోవిందప్పది చౌడేపల్లె పక్కన చిన్న పల్లె. అమ్మానాయనలు కూలికి పోయి పెంచారు. పదో తరగతి తప్పి, మా బస్సులో క్లీనరుగా చేరి, ఏడాది తిరక్కుండానే టిక్కెట్ల సంచి భుజాన వేసుకున్నాడు. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. ఆ పొడుగు చేతులు ఊరికే ఉండేవి కావు. ఎవరి మూటో పైకి అందుకునేవి, ఎవరి బిడ్డనో ఎత్తుకునేవి, టమాటా గంపల్ని టాపు మీద సర్దేవి. వెనక డోరు పక్కన ఉండే సీటు కండక్టరుది. అందులో వాడు కూర్చోగా నేను చూసింది బస్సు ఖాళీగా షెడ్డుకు పోయేటప్పుడు మాత్రమే. మిగతా వేళల్లో అక్కడ ఒక బాలింతో, మోకాళ్ళ నొప్పుల అవ్వో ఉండేది. వాడు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ ఉండేవాడు.

విజిల్ వాడి మెడలో ఉండేది గానీ నోట్లోకి పోయేది కాదు. “కుక్కను పిల్సినట్ల ఉంటాదిన్నా. మనుషులకు బాగుండదు” అనేవాడు. విజిల్‌కు బదులు అరచేత్తో బస్సు రేకు మీద కొట్టేవాడు. ఒక దెబ్బ కొడితే ఆపు, రెండు కొడితే పో. ఇది మా దారిలో అందరికీ తెలుసు. దిగాల్సిన చోటు వస్తే ఎక్కినవాళ్ళే ఒక దెబ్బ కొడతారు. మూడు దెబ్బలు మాత్రం గోవిందప్ప సొంతం. దబ్... దబ్... దబ్. మధ్యలో ఊపిరి పీల్చుకునేంత సందు. దిగేవాళ్ళు ఇంకా ఉన్నారు, క్లచ్ మీంచి కాలు తియ్యొద్దు అని దానర్థం. చిన్నప్పుడు వేరే బస్సులో ఒక అవ్వ, ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద ఉండగానే బస్సు కదలడం వాడు చూశాడట. ఆమెకేమైందో మాకు ఎప్పుడూ చెప్పలేదు. అడిగితే మాట మార్చేవాడు.

“ఒరే, వెనక బండోడు మన జనాన్నంతా ఊడ్సుకొని పోతాండాడు. ఇంకెంతసేపురా?” అని నేను స్టీరింగు దగ్గర నుంచి అరిచేవాణ్ణి.

“ఆదెమ్మవ్వ దిగతా ఉండాదిన్నా.”

“దిగతా ఉండాదా, ఆడే కాపరం పెడతాండాదా?”

జవాబుగా దబ్... దబ్... దబ్. నేను పళ్ళు కొరుక్కుంటూ ఎడమ కాలితో క్లచ్‌ను అడుగంటా తొక్కి పట్టుకునేవాణ్ణి. ఏళ్ళ తరబడి అలా తొక్కి తొక్కి, ఆ చప్పుడు చెవిన పడితే చాలు, నేను అనుకోకముందే నా కాలు కిందికి పోయేది.

వాడి పెళ్ళి కూడా ఆ దెబ్బల వల్లే అయింది. మునిరత్నమ్మ రోజూ చిక్కుడుకాయల గంపతో మా బస్సులో పుంగనూరు వచ్చి అమ్ముకునేది. ఒకరోజు ఆమె దిగడానికి మూడు దెబ్బలు పడ్డాయి. సరే అనుకున్నాను. కాసేపటికి మళ్ళీ మూడు పడ్డాయి. ఆ తర్వాత ఇంకో మూడు. వెనక్కి తిరిగి చూద్దును గదా, ఆ పిల్ల ఎప్పుడో దిగి, గంప నెత్తిన పెట్టుకుని, కిటికీ పక్కన నిలబడి వీడితో మాట్లాడుతోంది. బస్సంతా గొల్లుమని నవ్వింది. ఆ వచ్చిన వేసవిలోనే పెళ్ళి చేసేశాం.

తొంభై ఎనిమిదిలో మా ఓనరుకు బస్సుల మీద మోజు తగ్గింది. ఉన్నవాటిలో ఒకటి అమ్మేసి, మనుషుల్ని తగ్గించుకున్నాడు. గోవిందప్ప మద్రాసులో ఏజెంటును పట్టుకుని, ఎక్కడో సముద్రం మధ్యలో ఉన్న చిన్న దేశానికి హోటలు పనికి పోయాడు. అంతకుముందు వాడు సముద్రాన్ని చూసినవాడు కాదు. నా బస్సుకు కొత్త కండక్టరు వచ్చాడు. ఊపిరి తీసుకోకుండా విజిల్ వేసేవాడు. బస్సు వేళకు చేరడం మొదలుపెట్టింది. నాకది అస్సలు నచ్చలేదు.

ప్రతి ఆదివారం గోవిందప్ప పుంగనూరు బస్టాండులో విజయమ్మ నడిపే ఎస్టీడీ బూత్‌కు ఫోను చేసేవాడు. మునిరత్నమ్మ వచ్చి కాచుకుని ఉండేది. నా బస్సు అక్కడ ఆగిన వేళైతే నాకూ ఒకమాట దక్కేది. మొదట్లో దుప్పట్లు ఉతికే పని అన్నాడు. రెండేళ్ళ తర్వాత సంబరంగా చెప్పాడు.

“అన్నా, ఈడ గూడా మళ్ళా మన పనే దొరికింది. నీళ్ళలోపల పొయ్యే సబ్‌మెరీన్ బండి. అద్దాల్లోంచి చేపల్ని సూసేదానికి తెల్లోళ్ళు వస్తారు. చెయ్యి పట్టుకొని లోపలికి దించల్ల, కూసోబెట్టల్ల, మళ్ళా బయటికి ఎక్కించల్ల. టిక్కెట్టు కొట్టేది ఒగటే లేదు.”

“భయం లేదారా?”

“పైన పడవ మా యెంబడే ఉంటాదిన్నా. ఒగ వారం నాకు లోపల డ్యూటీ, ఒగ వారం పైన పడవలో.”

రెండు వేల ఒకటిలో, చలి మొదలైన రోజుల్లో, నేను పుంగనూరు బస్టాండులోకి బండి తిప్పుతూ ఉంటే విజయమ్మ బూత్‌లోంచి బయటికి వచ్చి రెండు చేతులూ ఊపింది. ఆమె కొన్నాళ్ళు బెంగుళూరులో ఆఫీసు పని చేసిన మనిషి, ఇంగ్లీషు బాగా వచ్చు. బూత్‌లో చిన్న టీవీ పెట్టుకుని ఉండేది. టూరిస్టులతో నీళ్ళలోకి దిగిన జలాంతర్గామి ఒకటి తిరిగి పైకి రాలేదని, రేడియోకు పలకడం లేదని, అడుగు నీళ్ళ వడికి ఎటో లోతుకు జారిపోయి ఉంటుందని టీవీలో చెబుతున్నారట. అది గోవిందప్ప పనిచేసే కంపెనీదే. విజయమ్మ అప్పటికే గోవిందప్ప ఇచ్చిన కంపెనీ నంబరుకు ఫోను చేసింది. లోపల ఎవరెవరున్నారో ఇప్పుడే చెప్పలేం అన్నారట.

కబురందుకుని మునిరత్నమ్మ చౌడేపల్లె నుంచి ఆటోలో వచ్చింది. ఏడుస్తూ వస్తుందనుకున్నాను, కానీ గట్టిగానే ఉంది.

“ఈ వారం ఆయన పైనేన్నా. ఆదివారం ఫోన్లో చెప్పినాడు, లోపల డ్యూటీ అయిపొయ్యింది, ఇంక పడవలోనే అని” అంది.

“అంతే గదమ్మా. పైనుంచి వాళ్ళను ఎదుకుతా ఉంటాడు. అందుకే ఫోను చేసేదానికి తీరిక లేదు” అన్నాను. ఆ మాటను ఇద్దరం చెరో కొసా పట్టుకుని కూర్చున్నాం. బండిని ఇంకో డ్రైవరుకు అప్పగించి నేను బూత్ వదల్లేదు.

బస్టాండుకు బస్టాండు అక్కడే గుమిగూడింది. సముద్రమంటే క్యాలెండర్లో తప్ప చూడని జనం మేము. మా బావులకు కూడా నీళ్ళు లేవు. ఒక పెద్దాయన విజయమ్మ దగ్గరికి వచ్చి ఎంతో మర్యాదగా, “అమ్మా, బాయిలో చెంబు పడితే మనం పాతాళగరిగె ఏసి దేవతాము గదా. ఆ కొక్కేలగుత్తినే ఇంకొంచెం పెద్దది చేయించి తాడు కట్టి ఇడిస్తే తగులుకోదా? వాళ్ళకు ఫోన్లో చెప్పగూడదా?” అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి, అందుకని ఎవరం నవ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం టీవీలో కొత్త సంగతి వచ్చింది. వెతికే ఓడలు నీళ్ళలోకి మైకులు దించితే ఏదో చప్పుడు వినబడిందట. లోపలివాళ్ళు గోడ మీద కొడుతున్నారని కొందరు అంటున్నారు. తెగిన గొలుసేదో రాతికి తగులుతోందని కొందరు అంటున్నారు. విజయమ్మ ఇదంతా మాకు తెలుగులో చెబుతూ ఉండగానే టీవీలో ఆ చప్పుడు వేశారు. ముందు హోరు. హోరు వెనక, చాలా దూరంగా, దబ్... దబ్... దబ్.

కాసేపు ఏమీ లేదు. తర్వాత మళ్ళీ మూడు.

నా ఎడమ కాలు బూత్ నేలను గట్టిగా తొక్కి పట్టుకుని ఉంది. నాకు ఆ సంగతి తెలియనే తెలియదు. తెలిసింది మునిరత్నమ్మ అడిగినప్పుడు.

“అన్నా, నీ కాలు యాల అట్ల తొక్కినావు?”

ఏం చెప్పేది? వాడు బతికున్నాడని చెప్పాలంటే వాడు లోపలే ఉన్నాడని కూడా చెప్పాలి. ఆమె పట్టుకున్న కొసను నా చేత్తోనే లాగేసినట్టవుతుంది. “ఏం లేదమ్మా, తిమ్మిరెక్కింది” అన్నాను.

“అబద్ధాలు చెప్పొద్దన్నా. నేనూ ఆ బండ్లో తిరిగినదాన్నే.”

టీవీలో ఆ చప్పుడు మళ్ళీ వేశారు. ఆమె తన మోకాలి మీద అరచేత్తో, దాంతో పాటే, మెల్లగా మూడు దెబ్బలు వేసుకుంది. ఆ పైన కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అంతమంది ముందు ఏడ్చినందుకు నాకు సిగ్గేమీ లేదు.

“పైన డ్యూటీ అన్నాడే. యాల దిగినాడు?”

“ఎవరికో ఒంట్లో బాగలేక పొయ్యుంటాది. నేను పోతాలే అని ఉంటాడు. వాని బుద్ధి నీకు తెలీదా?”

“పాడు బుద్ధి” అంది. కళ్ళు తుడుచుకుని, “అయితే పానంతో ఉండాడు” అంది.

“ఉండాడమ్మా.”

“లోపల గాలి ఎంతసేపు వస్తాదంట?”

విజయమ్మ చెప్పలేక చెప్పింది. “రేపటి దాకా అంటాండారు.”

మాకు తెలిసిన సంగతి వాళ్ళకూ తెలియాలని విజయమ్మ చేత కంపెనీకి ఫోను చేయించాను. అటువైపు మనిషి ఓపిగ్గా విని, ఓడలు పొద్దున్నే ఆ చప్పుడు వైపు తిరిగాయమ్మా అన్నాడట. మా తెలివి ఎవరికీ అక్కర్లేకపోయింది. ఇక చేయడానికి పనేమీ లేదు. కూర్చోవడం ఒక్కటే మిగిలింది. బండి నడిపేవాడికి అంతకంటే శిక్ష లేదు.

తర్వాతి రోజు ఎండ నడినెత్తికి వచ్చిన వేళ దొరికిందన్నారు. తెగి కొట్టుకొచ్చిన పెద్ద చేపల వలలో చిక్కుకుని, వాలు మీద ఒరిగి ఉందట. యంత్రాన్ని దించి వల కోసి, క్రేనుతో లాగారు. నీళ్ళ మీద పసుపుపచ్చని మూపు ఒకటి తేలడం టీవీలో మేమంతా చూశాం. బస్టాండంతా ఒక్క కేక పెట్టింది. పైన మూత తెరిచారు. ఒక చిన్న పాపను ఎత్తి ఇచ్చారు. తర్వాత ఒక తెల్లామె వచ్చింది. ఆ వెనక ముసలాయన. జనం ఒక్కో మనిషినీ చూపించి “ఇతనా? ఇతనా?” అని మునిరత్నమ్మను అడుగుతున్నారు.

“ఇప్పుడే రాడు” అందామె. “ముందు అందరూ దిగనీ.”

టోపీ పెట్టుకున్న కెప్టెన్ కూడా బయటికి వచ్చాడు. ఓడ మీదివాళ్ళు చప్పట్లు కొట్టారు. వార్తలు చదివే అమ్మాయి నవ్వింది. వెంటనే సబ్బు అడ్వర్టైజ్‌మెంటు వచ్చింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి బల్ల మీద దబ్, దబ్, దబ్ అని కొట్టాను. ఫోన్లు ఎగిరిపడ్డాయి. “దిగేవాళ్ళు ఇంకా ఉండార్రా! బండి యాల కదిలిస్తారు!” అని ఆ టీవీ మీద అరిచాను. విజయమ్మ బెదిరిపోయింది. అడ్వర్టైజ్‌మెంటు అయ్యాక క్రికెట్ మొదలైంది. మునిరత్నమ్మ ముఖం వైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది.

అలా ఎంతసేపు గడిచిందో తెలియదు. ఫోను మోగింది. విజయమ్మ ఎత్తి, విని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని రిసీవరును మునిరత్నమ్మ వైపు చాచింది. ఆమె భయపడి నా వెనక్కి పోయింది. నేనే అందుకున్నాను.

“అన్నా” అన్నాడు. గొంతు చిరిగిపోయి ఉంది. “అందరూ దిగినారున్నా.”

“నువ్వురా?”

“నేను గూడా.”

నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. తిడుతూనే ఏడ్చాను. “ఎప్పుడు సూడు లేటే గదరా నువ్వు!” అన్నాను. వాడు నవ్వబోయి దగ్గాడు. “అన్ని రోజులు యాల కొట్టినావురా ఆ మూడు దెబ్బలు?” అని అడిగాను.

“పైనోళ్ళు ఎదికి ఎదికి ఇడిసిపెట్టి పోతారేమో అని భయమేసిందిన్నా. మనుషులు ఇంకా దిగల్ల అని చెప్పల్ల గదా. నాకు వచ్చిన మాట అదొగటే.”

రిసీవరు మునిరత్నమ్మ చేతిలో పెట్టాను. దాన్ని చెవికి అదుముకుని నిలబడింది. ఆమెకూ మాట రాలేదు. అటువైపు వాడికీ వచ్చినట్టు లేదు. ఎంత దూరం నుంచి వస్తున్న ఫోనో, ఎంత ఖర్చో అనుకుంటూ అందరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. అప్పుడామె చెయ్యెత్తి, బూత్ చెక్కగోడ మీద అరచేత్తో ఒకే ఒక్క దెబ్బ కొట్టింది.

“ఆపేస్తాండాను రత్నా” అని గోవిందప్ప అనడం నాకు కూడా వినబడింది. “దిగి వచ్చేస్తాండాను.”

నెల తిరగక ముందే వచ్చేశాడు. ఆ విజిల్ కండక్టరు ఇంకో బస్సుకు మారాడు. మేము మళ్ళీ కుప్పానికి ఆలస్యంగా పోవడం మొదలుపెట్టాం.