సైకిళ్ళకు సాక పోసిన మా అక్క

ఈ పొద్దున అత్తాపూర్‌లో మా వీధిలోకి మైకు కట్టుకుని ఒక ఆటో వచ్చింది. పసిపిల్లల గుండె ఆపరేషన్ల సహాయార్థం వచ్చే ఆదివారం మళ్ళీ సైకిల్ యాత్ర జరగబోతోందనీ, తెల్లవారుజామున శంషాబాద్‌లో బయలుదేరి ఎక్కడెక్కడో తిరిగి మధ్యాహ్నానికి ఎయిర్‌పోర్టు దగ్గరికి చేరుకుంటుందనీ, దారి పొడుగునా ప్రజలందరూ రోడ్డు మీదికి వచ్చి రైడర్లను ఉత్సాహపరచాలనీ ఎవరో అమ్మాయి రికార్డు గొంతు తీయతీయగా చెప్పుకుపోతోంది. నేను బాల్కనీలో నిలబడి, చేతిలో చాయ్ కప్పు ఉందన్న సంగతి కూడా మరిచి, ఆ ఆటోవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. వాడేం చేస్తాడు పాపం, కిరాయికి తిరుగుతున్నాడు. మా ఆవిడ వచ్చి కప్పు అందుకుని, బీపీ గోలీ వేసుకున్నారా అని మాత్రం అడిగింది. ఉద్యోగమంతా బస్సు డిపోలో టైర్లు విప్పి బిగించిన మనిషిని, నా నోరు ఎట్లాంటిదో ఆవిడకు కొత్త కాదు. కానీ ఇది నోటి దురుసు కాదు. పోయిన ఎండాకాలం ఇట్లాంటి ఆటోయే మా అక్కను రోడ్డు మీదికి పిలిచింది, ఆ పిలుపు నమ్మి వెళ్ళిన అక్కకు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు భగ్గున మండుతుంది. నా ఈడువాళ్ళతో చెప్పుకుంటే కాస్త చల్లారుతుందేమోనని రాస్తున్నాను.

మా ఊరు శంషాబాద్ దాటాక బెంగుళూరు రోడ్డును ఆనుకుని ఉండేది. ఇప్పటివాళ్ళకు ఆ రోడ్డంటే వరుసలు కట్టిన కార్లు గానీ, మా చిన్నప్పుడు ఎదురుగా లారీ వస్తే బస్సు మట్టిలోకి దిగి దారి ఇవ్వాల్సినంత సన్నటి రోడ్డు, రెండు పక్కలా చింతచెట్లు. ఊళ్ళో సైకిల్ ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, వాటిలో మాది ఒకటి. బాపు మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు అక్కా నేనూ దాన్ని దొంగతనంగా బయటికి తోసుకుపోయి, సీటు అందక కడ్డీ కింద నుంచి కాలు దూర్చి కైంచీ తొక్కేవాళ్ళం. నిజం చెప్పాలంటే అక్కే నాకంటే ముందు నేర్చింది, లంగా ఎగదోపి చింతచెట్ల నీడలో దూసుకుపోతుంటే నేను వెనకాల ఏడ్చుకుంటూ ఉరికేవాణ్ణి. మోకాళ్ళు చెక్కుకుపోయినా బాపు అడిగితే ఇద్దరం నోరు విప్పేవాళ్ళం కాదు.

అట్లాంటి రోజుల్లో ఒక ఎండాకాలం, పట్నం నుంచి కర్నూలు దాకా సైకిళ్ళ మీద పోయి, దారిలో ఊరూరా ఆగి కుష్ఠు రోగుల దవాఖానా కోసం బట్టలూ బియ్యమూ పోగు చేసే కుర్రాళ్ళ గుంపొకటి మా ఊరి మీదుగా వస్తోందని తెలిసింది. ఊరంతా రోడ్డు మీదికి చేరింది. మేం పిల్లలం ఈలలు వేయడానికి గొంతులు సవరించుకుంటున్నాం. మా అమ్మకు మాత్రం సంగతి ఒక పట్టాన బోధపడలేదు, ఈ ఎండలో అంత దూరం ఎందుకు తొక్కుతున్నారు, వాళ్ళకేమొస్తుంది అని బాపును గుచ్చి గుచ్చి అడిగింది. వాళ్ళకేమీ రాదు, రోగుల కోసం తొక్కుతున్నారని బాపు చెప్పాడు. అమ్మ ఇంట్లోకి పోయి ఇత్తడి బిందెతో బయటికొచ్చింది.

"పరుల కోసం కాళ్ళు కాల్చుకుంటున్నరంటే బోనమెత్తినోళ్ళ తీరే గదా," అన్నది.

మీకు నేను చెప్పనక్కర్లేదు. అమ్మవారికి వండిన బోనం నెత్తిన పెట్టుకుని ఆడమనిషి గడప దిగితే, పసుపు కలిపి వేపాకు వేసిన నీళ్ళు బిందెతో ఆమె కాళ్ళ మీద పోస్తాం. దాన్నే సాక పోయడం అంటాం. అమ్మవారిని మోసేవాళ్ళ కాళ్ళు చల్లగా ఉండాలి, వాళ్ళు నడిచే నేల చల్లగా ఉండాలి, అంతే సంగతి. మా అమ్మ సరిగ్గా అదే చేసింది. ముందు వస్తున్న సైకిల్‌కు ఎదురుపోయి బిందెడు నీళ్ళు కుమ్మరించింది. ఏం జరుగుతున్నదో తెలియక ఆ అబ్బాయి బ్రేకు పట్టాడు, చక్రం జారింది, సైకిల్ ఒక పక్కకూ అతనొక పక్కకూ పడ్డారు. అతను బురదలో కూర్చుని మోచెయ్యి చూసుకుని, అమ్మ ముఖం చూసి, చేతిలో వేపాకుల బిందె చూసి, ఏమర్థమైందో ఏమో, కాన్వాసు బూట్లు విప్పి కాళ్ళు ముందుకు చాపాడు.

"ఎట్లాగు పడ్డ గదా అమ్మా, ఇగ కాళ్ళు గూడ కడుగు," అని నవ్వాడు.

ఊరు ఊరంతా ఒకటే నవ్వు. వెనకాల వచ్చినవాళ్ళంతా దిగి, చెప్పులూ బూట్లూ చేతపట్టుకుని, సైకిళ్ళు నడిపించుకుంటూ ఒకరి వెనక ఒకరు ఆ తడిలో నడిచారు. రెండో బిందె మా అక్క మోసుకొచ్చింది. ఆ తర్వాత వాళ్ళు వచ్చిన ప్రతి ఏడూ, ఊరి ముందు రోడ్డు వంపు తిరగకముందే అందరూ కలిసి బెల్లులు మోగించేవాళ్ళు, మా ఆడవాళ్ళు బిందెలు అందుకునేవాళ్ళు, ఊరి మొదట్లోనే వాళ్ళు దిగి నడిచేవాళ్ళు. ఇట్లా చెయ్యాలని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కొన్నేళ్ళకు ఆ యాత్ర ఆగిపోయింది, ఎందుకు ఆగిందో నాకు తెలియదు. ఆ బెల్లుల మోత మాత్రం నా చెవుల్లో ఇంకా ఉంది.

అక్కను కొత్వాల్‌గూడలో ఇచ్చాం. అమ్మ చేతి అలవాటు అక్కతో పాటు అత్తగారింటికి పోయింది. ఆ ఊళ్ళో బోనాల పండుగంటే ముందు మా అక్క చేతి సాక పడాలి. కొత్త కోడలు మొదటిసారి బోనమెత్తితే, దూరమైనా సరే మా అక్క గడప ముందు నుంచి తిప్పి తీసుకుపోతారు. తమ ఇంటి బోనం కూడా పెళ్ళయిన ఏటి నుంచీ అక్కే ఎత్తుతుంది. ఆమెకున్న పేరల్లా అదే. బావ పోయిన తర్వాత మనిషి సగమైనా, బోనాల నాడు మాత్రం పూర్వపు అక్కే కనబడేది. ఈలోగా ఎయిర్‌పోర్టు వచ్చింది, విమానాలు ఇంటి కప్పుల మీదుగా పోవడం మొదలైంది, అక్క ఇంటికి కూతవేటు దూరంలో సర్వీసు రోడ్డు పడింది. ఇంటికి రాబడి అక్క కోడలిదే, ఎయిర్‌పోర్టులో డ్యూటీ చేస్తుంది.

పోయిన ఎండాకాలం ఆ రోడ్డు మీదనే సైకిల్ యాత్ర పెట్టారు. మైకు ఆటో ఊరంతా తిరిగి, పసిపిల్లల గుండెల కోసం తొక్కుతున్నాం, తప్పక రండి, ఉత్సాహపరచండి అని బతిమాలింది. అక్క పొద్దున్నే లేచి చింతపండుతో బిందె తోమింది, పసుపు కలిపింది, వేపమండలు తుంచింది. కోడలు డ్యూటీకి పోయింది, అడ్డం చెప్పేవాళ్ళు లేరు. చెప్పడానికి ఏముంది అందులో. నడినెత్తిన ఎండలో సైకిళ్ళు వచ్చే వేళకు రోడ్డు పక్కన తాళ్ళు కట్టి ఉన్నాయట, చేతికొక కాగితం జెండా ఇచ్చి చప్పట్లు కొట్టమన్నారట. అక్క జెండా చంకలో పెట్టుకుని, తాడు కింది నుంచి వంగి పోయి, ముందు వస్తున్న సైకిల్‌కు ఎదురుగా సాక పోసింది. వాళ్ళు బెల్లు మోగించలేదు. దిగలేదు కూడా. అసలు ఆ సైకిళ్ళకు బెల్లులే ఉన్నట్టు లేవు. కారు మాదిరి వేగంతో వచ్చిన కుర్రాడు జారి పడ్డాడు.

మోకాలు దోక్కుపోయింది, అది నేను కాదనను. అంత సన్నటి టైరు తడి రోడ్డు మీద ఏమవుతుందో టైర్లతోనే బతికిన నాకు తెలియదా! అమ్మా, ఇక్కడ పోయకు, ప్రమాదం అని ఒక్క మంచి మాట చెబితే అక్క ఆగేది. పడ్డ కుర్రాడు లేచి, పర్వాలేదన్నట్టు చెయ్యి ఊపి తొక్కుకుంటూ పోయాడట కూడా. పడ్డవాడికి లేని నొప్పి పక్కవాడికి వచ్చింది. వెనక మోటారు సైకిల్ మీద, ఛాతీకి నిర్వాహకుల బిళ్ళ తగిలించుకుని వచ్చినవాడొకడు దిగి, మా అక్క మీదికి చెయ్యి చూపిస్తూ, బుద్ధుందా, కళ్ళు కనబడవా, ఒకడి ప్రాణం పోయేది, సైకిల్ ఎంత ఖరీదైందో తెలుసా అని అరిచాడు. తల్లి వయసు మనిషిని! ఇంకొకడు అదంతా ఫోనులో తీశాడు. ఆ ముక్క నేను చూశాను. పడ్డ కుర్రాడు అందులో లేడు, చెయ్యి ఊపడం లేదు. ఖాళీ బిందె చంకనెత్తుకుని మా అక్క అందరికీ దండం పెట్టడం మాత్రం ఉంది.

"కాళ్ళు కాలుతయని పోసిన బిడ్డా," అంటోంది అక్క అందులో.

ఆ వీడియో కింద జనం పెట్టిన ఇకిలింపు బొమ్మలు బారులు తీరి ఉన్నాయి. దండం పెట్టిన ఆ చేతులు బంధువుల ఫోన్లన్నీ తిరిగి చివరకు మా ఆవిడ ఫోనులోకి వచ్చాయి. నేను ఆ పూట అన్నం తినలేదు. మర్నాడే కొత్వాల్‌గూడ పోయాను. అక్క మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది, బిందెలన్నీ అరుగు మీద బోర్లించి ఉన్నాయి. జనం నవ్వారన్న బాధ కాదు ఆమెది. తను పోసిన నీళ్ళకు ఒక తల్లి కన్నబిడ్డ పడ్డాడు, ఆ చేతులతో ఇంక బోనం ముట్టను, సాక పోయను, ఈసారి అంతా కోడలు చూసుకుంటుంది అని ఒకటే మాట. చిన్నప్పుడు అమ్మ పోసినప్పుడు కూడా ఒకతను పడలేదా అని గుర్తు చేస్తే, అతను నవ్విండు గదరా అని మళ్ళీ గోడ వైపు తిరిగింది.

జవాబు లేకపోతే నాకు కోపం వస్తుంది. ఆ యాత్ర నడిపినవాళ్ళ ఆఫీసు వెతుక్కుంటూ పోయాను. అద్దాల తలుపులు, చల్లటి గాలి, అంకుల్ కూర్చోండి అంటూ ఒక నవ్వు ముఖం. అరుస్తాడేమో, నేనూ అరుద్దామని పోయినవాణ్ణి, ఆ మర్యాద చూసి ఇంకా మండిపోయాను. వీడియో తీసేయిస్తామన్నాడు, తీయించాడు కూడా, మాట తప్పలేదు. అక్క వచ్చి క్షమాపణ అడగాల్సిన పని లేదన్నాడు. అడుగుతుందని ఎవరన్నారు! చివరికి ఒక టీషర్టు నా ముందు పెట్టి, వచ్చేసారి మేడమ్ తాడుకు ఇవతల నిలబడి జెండా ఊపితే చాలు అన్నాడు.

"రమ్మని మైకుల మొత్తుకున్నది మీరే గదా. మీకు చప్పట్లు తప్ప ఇంకో మర్యాద తెల్వదని ఆమెకెవరన్న చెప్పిన్రా?" అన్నాను. గొంతు ఎంత లేచిందో, బయట కూర్చున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. మీ సెంటిమెంటు నాకర్థమైంది అంకుల్ అన్నాడతను. అర్థమై ఉంటే చెప్పులు విప్పేవాడు. టీషర్టు అక్కడే వదిలేసి వచ్చాను.

బోనాల నాడు పొద్దున్నే పోయేసరికి బిందెలు ఇంకా బోర్లించే ఉన్నాయి. కోడలు తలంటుకుని, కొత్త చీర కట్టి, బోనం నెత్తిన పెట్టుకుంది. డప్పులు గడప ముందుకు వచ్చాయి. వేపమండల మధ్య దీపం రెపరెపలాడుతోంది. కోడలు గడప లోపలే నిలబడిపోయింది.

"నువ్వు సాక పోయంది నేను అడుగు తియ్య అత్తా," అన్నది.

బరువుకు ఆ పిల్ల మెడ వణుకుతోంది. డప్పులవాళ్ళు కొట్టడం ఆపారు. వాడకట్టు ఆడవాళ్ళు ఒక్కరూ ముందుకు వచ్చి బిందె అందుకోలేదు, కావాలనే. జన్మలో మొదటిసారి నేను కూడా నోరు మూసుకుని నిలబడ్డాను. చివరికి అక్క లేచి, బిందె తిప్పి, నీళ్ళు నింపి, పసుపు కలిపి, వేపాకు వేసి వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. గడప దగ్గర ఆగి, పెద్ద రోడ్డు దాటే మనిషి మాదిరి అటూ ఇటూ చూసింది. ఫోన్లెత్తిన ఇద్దరమ్మాయిలు నా చూపుకు ఫోన్లు దించారు. అప్పుడు అక్క కోడలి ముఖంలోకి చూసి, మెల్లగా అడిగింది.

"పోయాల్నా బిడ్డా?"

పొయ్యి అత్తా అన్నది కోడలు. అక్క పోసింది. డప్పులు మళ్ళీ అందుకున్నాయి, అందరూ సంతోషించారు, అక్క మళ్ళీ మామూలు మనిషైందని మా ఆవిడ కూడా కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం ఆ ప్రశ్న ఇప్పటికీ మింగుడుపడదు. చింతచెట్లు పోయాయి, పోనీ అనుకున్నాను. పొలాలు పోయాయి, రోడ్డు ఏరులా వెడల్పైంది, రెండిళ్ళ అవతలివాళ్ళ పేర్లు తెలియకుండా పోయాయి, కాలం అట్లాంటిది అని సర్దుకున్నాను. కానీ బాటన పోయేవాళ్ళ కాళ్ళ మీద నీళ్ళు పోయడానికి మా అమ్మ ఏనాడూ ఎవరినీ అడగలేదు, మా అక్కా అడగలేదు. ఈ వయసులో ఆమెకు అడగడం నేర్పారు, దానికి నేనెవరినీ క్షమించను.

ఆటో వీధి మలుపు తిరిగి పోయింది గానీ మైకు ఇంకా వినబడుతోంది. ఆదివారం ఆ సైకిళ్ళు మళ్ళీ కొత్వాల్‌గూడ పక్క నుంచే పోతాయి. మా అక్క రోడ్డు మీదికి రాదు, ఎవరూ జారి పడరు. వాళ్ళు కోరుకున్నట్టే రోడ్డు పొడిగా ఉంటుంది.