రాకాసి గుడిలో దొరికిన పన్ను

జడ్చర్ల దాటి కొంత లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్లో, పత్తి చేనులో నీటికుంట తవ్వుతుంటే జేసీబీకి పెద్ద రాతిపలక తగిలింది. పలక కింద రాళ్లతో కట్టిన గుంట, నల్లటి కుండలు, ఒక మనిషి ఎముకలు. వేల ఏళ్లనాటి అలాంటి సమాధులను మా వైపు రాకాసి గుళ్లు అంటారు. పురావస్తు తవ్వకానికి వచ్చిన నిపుణుడు, కాలివేళ్ల ఎముకలు చివర్లలో పెన్సిల్ మొనల్లా అరిగిపోయాయని, ముక్కు కింది ఎముక కరిగిపోయిందని గమనించాడు. కుష్టు కావచ్చని ఆయన అనుమానం. తేలాలంటే ఆ క్రిమి డీఎన్‌ఏ దొరకాలి. ఆ పని నాకు అప్పజెప్పారు.

నేను భువనగిరి దగ్గరి రైతుల ఇంటి పిల్లను. తెలంగాణ వచ్చిన కొత్తలో హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో చేరి, పాత ఎముకల నుంచి డీఎన్‌ఏ తీయడం నేర్చుకున్నాను.

ఏప్రిల్ ఎండలో ఒళ్లంతా కప్పే సూటు, మాస్కు, రెండు జతల గ్లౌజులు వేసుకుని గుంటలోకి దిగి నాలుగు పళ్లు తీశాను. పైకి వచ్చేసరికి ఆ చేను గలామె చాయ్ పట్టుకుని నిలబడి ఉంది. అరవై ఏళ్లుంటాయి.

“ఏం తీస్కపోతున్నవ్ బిడ్డా?”

“పండ్లు పెద్దమ్మా. ఈయనకు ఏం రోగముండెనో పంటి లోపల సూస్తే తెలుస్తది.”

“ఏం రోగమంటున్నరు?”

కుష్టు అనలేక, మా వైపు మాటలో “పెద్దరోగం” అన్నాను.

ఆమె గుంట అంచున కూర్చుంది. “మా అత్తకుండె గా రోగం. గీ చేన్లనే గుడిసె ఏసి ఉంచిండ్రు. సచ్చేదాక ఊర్లెకు రానియ్యలే.” ఎముకల తల దగ్గర పేర్చిన కుండల వైపు చూసి, “గీయనను మాత్రం మంచిగనే సాగనంపిండ్రు” అంది.

నాకు గ్లాసు అందిస్తుంటే కాగే చాయ్ ఆమె చేతిమీద ఒలికింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ముంజేతిమీద పాలిపోయిన మచ్చ కనిపించింది.

“కాలలేదా పెద్దమ్మా?”

“గా చెయ్యికి సురుకు తెల్వది. రెండేండ్లాయె.” వెంటనే కొంగు కప్పుకుంది.

“దవాఖానకు పోదాం.”

“ఎవ్వలకు జెప్పకు బిడ్డా. నన్ను గూడ గుడిసెల ఏస్తరు.” ఖాళీ గ్లాసు కోసం కూడా ఆగకుండా వెళ్లిపోయింది.

మొదటి పన్ను నుంచి మట్టిలో ఉండే బ్యాక్టీరియా తప్ప ఏమీ రాలేదు. రెండోదీ అంతే. మూడోదానిలో కుష్టు క్రిమి జాడ కనిపించింది కానీ, పోల్చడానికి పక్కన పెట్టిన ఖాళీ గొట్టంలో కూడా అదే కనిపించింది. అంటే బయటినుంచి ఏదో కలిసింది. ఆ ఫలితాన్ని కొట్టేశాను.

“ఇంత వేడి నేలలో డీఎన్‌ఏ అన్నేళ్లు నిలవడం కష్టం. వదిలెయ్యమ్మా” అన్నారు మా సార్.

“ఇంకొక్కటుంది సార్.”

దాన్ని వెంటనే ముట్టుకోలేదు. రసాయనాలన్నీ పారబోసి కొత్తవి తెప్పించాను. గది మొత్తం కడిగాను. పాత పశువుల పళ్ల మీద నెలల తరబడి సాధన చేశాను. మధ్యలో రెండుసార్లు, పెద్దమ్మను దవాఖానకు ఒప్పించాలని ఆ ఊరికి పోయాను. నన్ను దూరంనుంచే చూసి పెద్దమ్మ చేన్లోకి వెళ్లిపోయింది. నాకు కోపం వచ్చింది, భయమూ వేసింది. పన్ను ఎంతకాలమైనా ఆగుతుంది, ఆమె చెయ్యి ఆగదు.

చివరి పంటి వేరునుంచి తీసిన పొడిలో కుష్టు క్రిమి డీఎన్‌ఏ చిన్నచిన్న ముక్కలుగా దొరికింది. వాటి కొసలు కాలానికి చెడిపోయి ఉన్నాయి. పాతవనడానికి అదే గుర్తు. ఖాళీ గొట్టంలో ఈసారి ఏమీ లేదు. ముక్కలు కొన్నే, అయినా అనుమానానికి చోటు లేదు. అదే పొడిలో దొరికిన మనిషి డీఎన్‌ఏ ఇంకో సంగతి కూడా చెప్పింది. మర్నాడు పొద్దున్నే జడ్చర్ల బస్సెక్కాను.

ఈసారి పెద్దమ్మ వాకిట్లోనే దొరికింది.

“గుంటల ఉన్నది ఆయన కాదు పెద్దమ్మా, ఆమె. ఆడమనిషి.”

ఆమె చేస్తున్న పని ఆపింది. “రోగం గదేనా?”

“గదే. ఏండ్లకేండ్లు గా రోగంతోనే బతికింది. అప్పుడు మందు లేకుండె. ఇప్పుడున్నది. గోలీలు షురూ జేస్తే ఇంకొకలకు అంటుకుంటది అన్న ఫికర్ లేదు. గుడిసె మాటే లేదు.”

ఆమె కొంగు పక్కకు తీసి మచ్చను చూసుకుంది. “మా కొడుక్కు నువ్వే జెప్పాలె” అంది.

చెప్పాను. కొడుకు తల్లి చెయ్యి పట్టుకుని మచ్చను ఒత్తి చూశాడు. “గిన్నొద్దులు ఎందుకు జెప్పలేదే అమ్మా?” అని మాత్రం అని, బండి బయటికి తీశాడు. నేను ఆటోలో వెనకాలే పోయాను.

డాక్టర్ ఏడాదికి మందు రాశాడు. గోలీల వల్ల ఒళ్లు నల్లబడితే ఊళ్లో అడిగారు. దాచకుండా చెప్పిందట. ఒక్క నెల కూడా తప్పకుండా మింగింది. మచ్చ తగ్గింది. రెండు వేళ్లకు మాత్రం స్పర్శ తిరిగి రాలేదు. ఇంకా ఆలస్యమైతే వేళ్లు వంకర తిరిగేవని డాక్టర్ అన్నాడు. మొన్న ఫోన్ చేసి, పక్క తండాలో కాలిపుండును దాచుకుంటున్న ఒకామెను తానే దవాఖానకు తీసుకుపోయానని చెప్పింది.

నందికొండ వైపు బయటపడ్డ ఇంకో సమాధిలోని పళ్లు ఇప్పుడు నా దగ్గరున్నాయి. రెండు అయిపోయాయి, ఏమీ దొరకలేదు. సోమవారం మూడోది మొదలుపెడుతున్నాను.