బయటికి తెరుచుకునే వాకిలి కోసం జమ్మలమడుగు, పులివెందుల

ఈ కాలపు దర్జీలు చొక్కా జేబు ఎవరి కోసం కుడతారో నాకు తెలియదు. కళ్ళజోడు డబ్బా పెడితే సగం బయటే ఉంటుంది. వంగితే పడుతుంది, తుమ్మితే పడుతుంది. మొన్న పొద్దున ప్రొద్దుటూరు బస్టాండులో ఏడు గంటల జమ్మలమడుగు బస్సు ఎక్కుతుంటే రెండుసార్లు పడింది.

"పెద్దాయనా, నీకొక టికెట్టు, ఆ డబ్బాకొకటి కొట్టాల్నా?" అంది కండక్టరమ్మ.

"దానికి అర టికెట్టు చాలు తల్లీ, నాకంటే చిన్నది" అన్నాను. బస్సంతా నవ్వింది గానీ నా టికెట్టు తగ్గలేదు. పక్క సీటులో నా ఈడు ముసలమ్మ ఒకామె, ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్టును నా మొహం ముందే విసనకర్ర మాదిరి ఊపుకుంటూ కూర్చుంది. ఆమెను చూసి కుళ్ళుకోవడంతో ప్రయాణం మొదలైంది. సాయంత్రం దాకా అదే పని.

అసలు కుళ్ళు వేరే ఉంది. మా కూతురి కూతురు భార్గవి నెల్లూరు అవతల, సముద్రం పక్కన ఇల్లు కడుతోంది. మొగుడికి అక్కడి పోర్టులో ఉద్యోగం. బయటి తలుపులు పెద్దవాళ్ళం చేయించి ఇద్దామనుకున్నాం. నేను నోరు తెరిచే లోపలే ముందు వాకిలిని మా వియ్యంకుడు కొండారెడ్డి పట్టేశాడు. ఆయన పిల్లకు జేజినాయన, అంటే తండ్రికి తండ్రి. ఉండేది పులివెందుల. నాకు మిగిలింది పెరటి తలుపు. చుట్టాలంతా ఫోన్లలో ఆయన టేకు తలుపు ఫోటో చూసి అబ్బబ్బ అంటున్నారు. నా తలుపు సంగతి అడిగిన నాథుడు లేడు. గృహప్రవేశం నాడు పెరటి తలుపు ముందు నిలబడి ఎవరైనా ఫోటో తీయించుకుంటారా?

అలా ఉడికిపోతున్న నాకు భార్గవి ఫోనులో గొంతు రికార్డు చేసి పంపింది. "తాతా, ఈడ తుపాన్లు వస్తాయి గదా. బయటి తలుపులన్నీ బయటికే తెరుచుకోవాలంటాండాడు ఇంజనీరు. జేజినాయన చేపిస్తాండేది లోపలికి తెరుచుకునేది. నేను చెప్తే అలుగుతాడు. నువ్వే పోయి నవ్విచ్చి చెప్పు తాతా."

మూడుసార్లు విన్నాను. మొదటిసారి పిల్ల కోసం, మిగతా రెండుసార్లు నా ఆనందం కోసం.

జమ్మలమడుగు గంట లోపే వచ్చేసింది. బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిన్నాను. కుర్రవాళ్ళంతా గండికోట ఆటోలు ఎక్కుతుంటే నేను నడుచుకుంటూ హుసేను కొట్టుకు పోయాను. నా పెరటి తలుపు చేస్తున్నది అతనే. ఇంజనీరు పంపిన కొలతలు గోడకు అంటించి పెట్టుకున్నాడు.

"మామా, నీ తలుపు సముద్రానికి ఎదురుగా ఉంటాది, తెలుసునా? గాలి మొదట కొట్టేది దీన్నే" అన్నాడు.

"చూడు, వెనక తలుపని చిన్నచూపు చూశారు. ముందు నిలబడి తన్నులు తినేది నాదే" అన్నాను. కొంచెం ఛాతీ పొంగింది.

హుసేను తలుపు ముందు నిలబడి రెండు చేతులతో తోసి చూపించాడు. "లోపలికి తెరుచుకునేదైతే గాలి తోసినప్పుడు గడియ ఒక్కటే ఆపాల. బయటికి తెరుచుకునేదైతే, తోసేకొద్దీ దారబందానికే అతుక్కుంటాది."

"మరి గాలి వెనక్కి లాగితేనో?"

"అందుకే పైనొక గడియ, కిందొక గడియ."

సముద్రం నుంచి అరవై కిలోమీటర్ల దాకా ఇళ్ళకు గాలి లెక్కే వేరంట. లోపల బోలుగా ఉండే తలుపు పనికిరాదు, గట్టి చెక్కే కావాలి. దారబందాన్ని మేకులతో కాదు, కాంక్రీటులోకి దిగే పొడుగాటి బోల్టులతో పట్టించాలి. ఉప్పుగాలికి తుప్పు పట్టని స్టీలు వాడాలి. చివర్లో హుసేను ఒక మడతబందు నా చేతిలో పెట్టాడు. "బయటికి తెరుచుకునే తలుపుకు బందులు బయటే కనపడతాయి మామా. దీని సీల పీకినా రాదు. మామూలువైతే దొంగోడు సీలలు పీకి తలుపునే ఎత్తి పక్కన పెడతాడు. మీ పులివెందుల బావకు చెప్పు."

చెప్తానన్నాను. ఎప్పుడు చెప్తానో అనలేదు.

జమ్మలమడుగు నుంచి నేరుగా పులివెందుల బస్సు దొరక్కపోతే ముద్దనూరులో మారండి. నేనూ అలాగే మారి, మధ్యాహ్నం భోజనం వేళకు చేరాను. భోజనం వేళకు చేరడం నా ప్లానే. సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టింది మా వియ్యపురాలు. కానీ వసారా నడుమ, దారబందానికి బిగించి, ఊతకర్రలు పెట్టి నిలబెట్టిన ఆ తలుపు చూశాక ముద్ద దిగలేదు. రెండు రెక్కలు, రెక్కకొక ఏనుగు, తొండాల్లో పూలదండలు. ఏనుగుల గోళ్ళు కూడా చెక్కించాడు మహానుభావుడు! ఒక్క వంకైనా దొరుకుతుందేమోనని చుట్టూ రెండుసార్లు తిరిగాను.

"ఏంది బావా, ప్రదచ్చిణ చేస్తాండావు?" అన్నాడు కొండారెడ్డి, మీసం కింద నవ్వుకుంటూ.

అప్పుడు భార్గవి గొంతు వినిపించాను. నవ్వించి చెప్పమంది పిల్ల. నేను నవ్వుతూ చెప్పాను, అంతే తేడా. "బావా, తలుపు బయటికి తెరిస్తే నీ ఏనుగులు గోడకు మొగం పెట్టుకుంటాయి. బడిలో తప్పు చేసిన పిల్లోళ్ళ మాదిరి."

ఆయన నవ్వలేదు. "వాకిలి బయటికి తెరుచుకుంటే లచ్చిమి బయటికి పోతాదప్పా. వచ్చినోళ్ళ మొగాన కొట్టినట్లుంటాది. నేను చేపియ్యను." తలుపు మీద చేయి పెట్టి, చిన్నగా అడిగాడు. "అయితే పాప నా తలుపు వద్దంటాండాదా?"

ఆ మొహం చూడాలనే కదా అంత దూరం వచ్చాను. చూశాను. ఇదే మాట నన్నడిగి ఉంటే నేనూ అలాగే నిలబడేవాణ్ణి.

"వద్దనలేదు బావా. తిప్పి బిగిచ్చమంటాంది. మూసినప్పుడు ఊరంతా నీ ఏనుగులనే చూస్తాది గదా" అన్నాను. ఆ మాట అనడానికి నాకెంత కష్టమైందో దేవుడికే తెలుసు.

ఆయన ఇంకా తల అడ్డంగా ఊపుతుంటే లోపలి నుంచి వియ్యపురాలు మజ్జిగ చెంబుతో వచ్చింది. "గాలికి తలుపే ఎగిరిపోయినంక లచ్చిమి యాడ నిలబడుతాది? పిల్ల చల్లగుండాల. మొండికేయొద్దు, అన్న చెప్పినట్లు చెయ్."

కొండారెడ్డి మజ్జిగ మొత్తం తాగి, మూతి తుడుచుకుని, తలుపు చేసిన వడ్లాయనకు ఫోను చేశాడు.

తిరుగు బస్సు ముద్దనూరు, ఎర్రగుంట్ల మీదుగా. సిమెంటు లారీల వెనక పాకుతూ పోతుంది, సాయంత్రం కాళ్ళు చాపుకునే సీటు చూసుకోండి. ఆ నిదానంలో ఒకటి తోచింది. తుపాను వచ్చిన రోజు ముందు తలుపు, వెనక తలుపు రెండూ ఒకే పిల్లను కాయాలి. ఆయనది ఊడితే నాది నిలిచి లాభం లేదు. అయినా ఏనుగుల గోళ్ళు గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది, అది వేరే సంగతి.

ఈ దారిన తలుపులు చేయించుకోవడానికి పోయేవాళ్ళకు ఒక్క మాట. బయటికి తెరుచుకునే తలుపుకు పీకినా రాని సీల ఉన్న బందులే కొనండి. మామూలు బందు సీల ఎంత సులువుగా వస్తుందో నాకు బాగా తెలుసు. వచ్చేటప్పుడు బావ చెప్పులు వెతుక్కుంటుంటే, ఏనుగుల తలుపు పై బందు సీల నేనే పీకేశాను. హుసేను ఇచ్చిన బందును ఆ తలుపు కిందే పెట్టి వచ్చాను, చూసి అర్థం చేసుకుంటాడని. నిన్న పొద్దుటినుంచి కొండారెడ్డి ఫోను మోగుతూనే ఉంది. వాకిలి నిలబెట్టే రోజు నన్ను దాని ముందు నిలబెట్టి ఫోటో తీస్తానని కబురు పెడితేనే ఎత్తుతా.

సీల మాత్రం నా చొక్కా జేబులో సరిగ్గా పట్టింది. వంగినా పడటం లేదు.