లేడీ డాక్టరు వచ్చేదాకా

మా వీధిలో కొందరు ఇప్పటికీ నా గుండె ఎలా ఉందని అడగరు. ఆ రోజు ఆస్పత్రిలో నన్ను చూసింది మగ డాక్టరా అని అడుగుతారు. సబ్ ట్రెజరీలో గుమాస్తాగా చేసి రిటైరైనదాన్ని, అరకొరగా చెప్పడం నాకు చేతకాదు. అందుకే మొత్తం రాస్తున్నాను.

అల్లూరులో మా ఇంట్లో, మధ్యాహ్నం భోజనమయ్యాక, ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టు ఛాతీ మధ్యలో నొప్పి. దవడ లాగింది. ఒళ్ళంతా చెమట. మా తోడికోడలు సోడా తెచ్చింది.

"రొయ్యల కూర రెండుసార్లు వేసుకున్నావు గదక్కా. గ్యాసు," అంది.

తేన్పు వచ్చింది కానీ నొప్పి పోలేదు. మా మరిది కారు తీసి మమ్మల్నిద్దరినీ నెల్లూరు తీసుకెళ్ళాడు.

ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరు ఇంకా కుర్రవాడే. ఏళ్ళ తరబడి డైరీ రాసిన అలవాటు కొద్దీ, నొప్పి ఎప్పుడు మొదలై ఎటు పాకిందో అతనికి వరుసగా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"ఈసీజీలో ఏమీ తేలడం లేదు. రక్తపరీక్ష రావడానికి టైం పడుతుంది. ఇప్పుడే ఎకో చేస్తే గుండె ఎలా కొట్టుకుంటోందో కళ్ళతో చూడొచ్చు," అన్నాడు. నాతో కాదు, మరిదితో.

"రవిక తీసి చూసేది గదా అది," అంది తోడికోడలు. "లేడీ డాక్టరు లేదా?"

"ఆవిడ రేపు ఉదయం వస్తారమ్మా."

"అట్లయితే రేపే చూపిద్దాం సార్," అన్నాడు మరిది. "మా వదిన మగ డాక్టరుకి చూపించుకునే మనిషి గాదు. గ్యాసే అయ్యుంటది."

డాక్టరు ఇబ్బందిగా నిలబడ్డాడు. మంచం మీద నేనున్నాను. ముగ్గురూ నా మీదుగా మాట్లాడుకుంటున్నారు. నొప్పి కంటే అదే ఎక్కువ మండించింది.

"రేపటిదాకా నేనుంటానని నువ్వు రాసిస్తావా?" అన్నాను మరిదితో.

"ఏంది వదినా ఆ మాటలు."

"ఛాతీ నాది. సిగ్గు గూడా నాదే, దాని సంగతి నేను చూసుకుంటా. నువ్వు బయటికి పో."

తోడికోడలు నా చెయ్యి పట్టుకుంది. "ఊళ్ళో ఏమనుకుంటారక్కా."

"అనుకోనీ. నన్ను పాడె మీద చూసి అనుకునేదానికంటే మేలే."

హుక్కులు నేనే విప్పుకున్నాను. నర్సు ముందుకొచ్చినా విప్పనివ్వలేదు. ఆమె కర్టెన్ లాగి, దుప్పటి కప్పి, ఎడమవైపు తిరిగి పడుకోమంది. చల్లటి జెల్లు రాసి, చేతిలో ఇమిడే పరికరాన్ని డాక్టరు నా పక్కటెముకల మధ్య గట్టిగా నొక్కాడు. అతని చూపంతా స్క్రీను మీదే ఉంది. అక్కడ బూడిదరంగులో ఏదో ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంది. అతని చెయ్యి ఒకచోట ఆగిపోయింది.

"ఈ పక్క గుండె గోడ చూడండమ్మా. మిగతాదంతా ముడుచుకుంటోంది, ఇది కదలడం లేదు. దీనికి రక్తం సరిగ్గా అందడం లేదు."

ఈసారి నాతోనే చెప్పాడు.

ఆ సాయంత్రమే మూసుకుపోయిన రక్తనాళంలో స్టెంటు వేశారు. పొద్దున దాకా ఆగి ఉంటే ఆ గోడ దక్కేది కాదన్నారు.

ఇంటికొచ్చి కోలుకున్నాక పక్కింటావిడ చూడవచ్చింది. కాఫీ తాగి, గొంతు తగ్గించి, "మగ డాక్టరేనంట గదక్కా," అంది. తోడికోడలు తల వంచుకుంది.

"అవును. రవిక విప్పి చూపించా. ఎడమ రొమ్ము కింద పెట్టి చూసినాడు," అన్నాను, వీధిలోకి వినపడేట్టు. "నీకెప్పుడన్నా అక్కడ నొప్పి వచ్చిందా?"

ఆమె చెయ్యి ఎడమవైపు పైట మీదికి పోయింది.

"మేడ మెట్లెక్కేటప్పుడు వస్తా ఉంటది. గ్యాసేలే అక్కా."

"ఆ మాట డాక్టరునే చెప్పనీ. చీర మార్చుకోని రా, పోదాం."