వంటింటి కిటికీ మీద అద్దం

నాకు పెళ్లయిన నాటికి రెండో ప్రపంచ యుద్ధం ఇంకా ముగియలేదు. గుడ్డ దొరకదు, కిరసనాయిలు దొరకదు, సిమెంటు మాట ఎత్తితే జనం నవ్వేవాళ్లు. అలాంటి రోజుల్లో, చిత్తూరులో ఒక వకీలు దగ్గర గుమస్తాగా ఉంటూ, నా అద్దె ఇంటిని ఆ వకీలు గారి హాలులా చెయ్యాలని పూనుకున్నాను.

తప్పు నా నోటిదే. నా భార్యది పూతలపట్టు దగ్గరి పల్లె, మామిడి తోటలున్న కుటుంబం. పెళ్లి భోజనాల దగ్గర, ఎవరూ అడగకుండానే, చిత్తూరులో నా ఇల్లు బంగళాలా ఉంటుందని చెప్పాను. మామ మజ్జిగ పోసుకుంటూ, "అట్లనా అల్లుడా! అయితే ఒక తూరి వచ్చి సూసి, ఆపైన పిల్లను పంపిస్తాం లే" అన్నాడు. పిల్లను కాపురానికి పంపేముందు పెద్దవాళ్లు వెళ్లి ఇల్లు చూసి రావడం మా వైపు మామూలే. నచ్చకపోతే నచ్చలేదని ముఖాన చెప్పరు. ముహూర్తం కుదరలేదనో, అవ్వకు బాగాలేదనో ఏడాది జరిపేస్తారు. అంతకాలం ఆగడం నా వల్ల కాదు. పెళ్లిపీటల మీద ఆమె నాతో మాట్లాడింది ఒక్క మాట: "కాలు తొక్కినావు." ఆ గొంతు మళ్లీ వినాలని ఉండేది.

ఇల్లంటే వీధి వైపు ఒక గది, దాని పక్కనే వంటిల్లు. రెంటికీ మధ్య గోడలో ఒక కిటికీ. వంటింటి వాకిలి పక్క నడవలోకి, అక్కడ పగలూ చీకటే. వంటింటికి గాలీ వెలుతురూ ఆ ఒక్క కిటికీలోంచే రావాలి. నేను హోటల్లో తినేవాణ్ణి కాబట్టి వంటింట్లో సైకిలు పెట్టుకునేవాణ్ణి.

పని మొదలుపెట్టాను. సున్నంలో కాస్త నీలిమందు కలిపి గోడలకు కొట్టాను. పాత పంచెలు రెండు పసుపు నీళ్లలో ముంచి, పైన సున్నపు తేట పోస్తే వకీలు గారి తెరల్లాంటి ఎరుపు వచ్చింది. ఎండకు రంగు వెలిసిపోతుందని నీడన ఆరేసి, వాకిలికి తెరలుగా కట్టాను. మండీలో మామిడికాయల చెక్క పెట్టెలు తెచ్చి, పక్కపక్కన మేకులు కొట్టి, వీపు ఆనించుకోవడానికి ఒక పలక బిగించాను. మెత్తకు దూది కొనే స్తోమత లేదు. మండీలోనే కాయలు మగ్గబెట్టిన గడ్డి ఊరికే ఇచ్చారు. దాన్ని దుప్పటిలో కూరి కుట్టాను. సోఫా అయింది.

చివరిది అద్దం. అంగడి మారుస్తున్న మంగలి స్నేహితుడు నిలువెత్తు అద్దం ఇచ్చాడు. అంచుల్లో పాదరసం ఊడి నల్ల మచ్చలు పడ్డాయి. వాటి మీద రంగుతో పూలతీగ గీశాను. సోఫాలో కూర్చున్నవాళ్లకు ఎదురుగా కనిపించే గోడ ఒకటే, అందులోనే వంటింటి కిటికీ. కిటికీలోంచి మసి పట్టిన గోడ కనిపించి ముందుగది అందమంతా చెడగొడుతోంది. అద్దాన్ని సరిగ్గా దాని మీద తగిలించాను. మసి మాయమైంది, గది రెండింతలయింది. సోఫాలో కూర్చుని నన్ను నేను చాలాసేపు చూసుకున్నాను.

మామ, ఆయన తల్లి, పెట్రోలు కరువై బొగ్గుతో నడుపుతున్న బస్సులో దిగారు. ఆ ఇంట్లో ఏ మాటకైనా చివరి మాట అవ్వదే. ఇద్దరి ముఖాలూ నల్లగా ఉన్నాయి. వాకిట్లో నీళ్లిస్తే కడుక్కున్నారు. అవ్వ తడి చేత్తోనే తెర పక్కకు తోసి లోపలికి వచ్చి, అరచెయ్యి చూసుకుని ఆగిపోయింది. చెయ్యంతా ఎరుపు.

"ఏందప్పా ఇది! మీ తాత పోయినాక నాకెవురూ పారాణి పెట్టలే. ఇంటికి రాంగానే పెట్టినావే!"

మామ నవ్వు ఆపుకోలేక వెళ్లి సోఫాలో కూలబడ్డాడు. అవ్వ పక్కన కూర్చుని ఎదురుగా అద్దంలో తనను చూసుకుంది.

"అద్దం పెద్దదే. గడ్డం గీసే అంగడి మాదిరి ఉండాది."

అంతలో మామ ముక్కు ఎగబీల్చాడు. "ఏమి అల్లుడా, మా తోట వాసన వస్తా ఉండాదే! కాయలు యాడ దాచినావు?" అని చుట్టూ చూస్తూ ఉన్నవాడు "అబ్బా!" అని ఎగిరి నిలబడ్డాడు. గడ్డికి అంటిన మామిడి రసానికి గండుచీమలు దుప్పటి కుట్ల లోంచి బారులు కట్టి వస్తున్నాయి. ఆయన పంచె దులుపుకుంటూ గదిలో గంతులు వేస్తుంటే అద్దంలో ఇంకో మామ గంతులు వేశాడు.

"పసుపు సల్లితే పోతాయిలే. వంటిల్లు యాడ?" అని అవ్వ లేచింది.

నేను అడ్డం పడేలోపే లోపలికి పోయింది. సైకిలు కింద పడిన చప్పుడైంది. తర్వాత ఆమె గొంతు: "మిట్టమధ్యాన్నం ఈడ రాత్రి అయిందే! నాయనా, నువ్వు ఇట్లా రా."

వెళ్లాను. చీకట్లో ఆమె చెయ్యి గోడను తడుముతోంది. కిటికీ కమ్మీలు తగిలాయి, వాటి వెనక అద్దం చెక్క తగిలింది.

"ఇది కిటికీ గదా?"

"అవునవ్వా."

"మూసినావే?"

"అవతల నుంచి చూస్తే బాగుంటుందని..."

"అవతల ఉండేది ఎవురు?"

"ఎవరైనా వస్తే..."

"ఈ పక్క ఉండేది?"

ఆమె మూలన పాత అద్దెవాళ్లు వదిలిన కొబ్బరి మట్టలు విరిచి పొయ్యి ముట్టించి, తన సంచిలోంచి కాఫీ పొడి తీసింది. "కాఫీ పెడతా. నువ్వు ఈడే ఉండు" అంది. పొగ పైకి పోయి, పెంకుల దగ్గర తిరిగి, కిందికి దిగింది. నాకు కళ్లు మండాయి, దగ్గు వచ్చింది. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కదలకుండా కూర్చుంది.

"ఏం నాయనా, కండ్లలో నీళ్లు? నువ్వు ఒక పొద్దే గదా. మా పిల్ల పొద్దున ఒక తూరి, మాపటికి ఒక తూరి ఏడవాల."

ఆ ఇంట్లో నేను ఎన్నో రోజులు పని చేశాను. వచ్చేవాళ్లు ఎక్కడ కూర్చుంటారు, ఏం చూస్తారు అని లెక్క వేసుకున్నాను. ఆ ఇంట్లో బతకబోయే మనిషి రోజంతా ఎక్కడ ఉంటుందో ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆమె కోసమే ఇదంతా చేస్తున్నానని మాత్రం నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

ముందుగదిలోకి పోయి అద్దం ఒక పక్క పట్టుకున్నాను. మామ ఏమీ అడగకుండా రెండో పక్క పట్టుకున్నాడు. దించగానే పొగ కిటికీలోంచి నా నీలి గోడల మీదికి వచ్చింది, వెలుతురు అవ్వ ముఖం మీద పడింది.

పొగ కంపు కాఫీ ముగ్గురం వాకిట్లో నిలబడి తాగాం. సోఫా దగ్గరికి ఎవరమూ పోలేదు. "ఏమంటావమ్మా?" అని మామ అడిగాడు. నా లోటా చేతిలోనే ఉండిపోయింది.

"ఆడి నెల పోతానే తోలకొస్తాం" అంది అవ్వ. "దించమని సెప్పకముందే దించినాడు గదా. మీ నాయనకు సెప్పి సెప్పి నా నోరు అరిగిపాయ, ఒక్క మేకు పెరికినోడు కాదు."

ఆడి, అంటే మా వైపు ఆషాఢం, పోయింది. నా భార్య వచ్చింది. అవ్వ ముందే అంతా చెప్పి పంపినట్టుంది. రాగానే దుప్పటిలోంచి గడ్డి పీకించి, పెట్టెలను వంటింట్లో నిలబెట్టి, ఊరగాయ జాడీలు సర్దింది. ఎర్ర తెరలు వేడి గిన్నెలు దించే మసిగుడ్డలయ్యాయి. అద్దాన్ని ఎక్కడ పెట్టమంటావని అడిగాను. అడగడం అప్పటికి కొంచెం నేర్చుకున్నాను, పూర్తిగా కాదు. ఆ తర్వాత కూడా చాలాసార్లు ఆమెను అడగకుండానే ఆమె కోసం పనులు చేసి, ఆమె మెచ్చుకోలేదని అలిగాను.

కిటికీకి ఎదురు గోడకు, కాస్త వాలుగా తగిలించమంది. ఎందుకో మొదట అర్థం కాలేదు. పొయ్యి దగ్గర కూర్చుని కిటికీలోంచి చూస్తే అందులో వీధి వాకిలి కనిపిస్తుందట. సాయంత్రం నేను కోర్టు నుంచి వచ్చి చెప్పులు విడిచేలోపే, నాకు ఆమె కనిపించకముందే, వంటింట్లోంచి ఆ గొంతు వినిపించేది.

"ఏంది, మొగం అట్లా మాడిపోయిండాదే? కాళ్లు కడుక్కోని రా, కాఫీ ఉండాది."